ట్రైల్ మీద బాణం గుర్తు పెడితే అడవి ఏం పాడైపోదు

మౌంటెన్ బైకులు, అంటే కొండల్లో అడవుల్లో తొక్కే సైకిళ్లు, తిరిగే ట్రైల్స్ మీద బోర్డులు పెట్టాలా వద్దా అనే మాట ఎక్కడ మొదలైనా సరే, కాసేపటికి అసలు విషయం పక్కకి పోతుంది. ఎవరు అసలైన రైడరు, ఎవరు నిన్నగాక మొన్న బైకు కొనుక్కుని వచ్చినవాడు అనే దగ్గరికి వెళ్లి ఆగుతుంది. బోర్డులు వద్దనేవాళ్లంతా పాతకాపులు, కావాలనేవాళ్లంతా చేతకానివాళ్లు అన్నట్టు. ఈ లెక్క నాకు ఎప్పుడూ ఒంటబట్టలేదు, ఎందుకంటే నేను చూసినంతలో రాకూడని దిశలో ఎదురొచ్చేవాళ్లలో కొత్తవాళ్లు తక్కువ. కొత్తవాళ్లు మ్యాప్ చూస్తారు, కనిపించినవాళ్లని అడుగుతారు, అనుమానం వస్తే ఆగిపోతారు. "ఈ ట్రైల్ నాకు కొట్టిన పిండి, ఈ టైమ్‌లో ఇక్కడ పురుగు కూడా ఉండదు" అనుకునే అనుభవజ్ఞులే దిగాల్సిన ట్రైల్‌లోకి కింద నుంచి ఎక్కుతారు.

నా మాట ముందే చెప్పేస్తా. బోర్డులన్నిటినీ ఒకే గాటన కట్టేసి మాట్లాడుకోవడం వల్లే ఈ గొడవ తెగట్లేదు. దారి చూపించే బోర్డు వేరు, ఈ ట్రైల్‌లో ఇటు నుంచి అటే వెళ్లాలి అని చెప్పే బోర్డు వేరు. మొదటిది లేకపోతే నేను దారి తప్పుతాను, ఓ గంట ఎక్కువ తొక్కుతాను, నీళ్లు అయిపోతాయి, నన్ను నేను తిట్టుకుంటాను, అంతే. రెండోది లేకపోతే ఎవరిదో భుజం ఎముక విరుగుతుంది, వాళ్లు ఏ తప్పూ చేసి ఉండరు. మొదటి రకం గురించి ఎంతసేపైనా వాదించుకుందాం, నాకూ సరదానే, అందులో నేను చాలాసార్లు బోర్డులు వద్దనేవాళ్ల పక్కనే ఉంటాను కూడా. రెండో రకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం వద్దనడానికి ఒక్క గట్టి కారణం కూడా ఇంతవరకు నా చెవిన పడలేదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. దిగుతున్న రైడర్ గంటకు 30 కిలోమీటర్ల స్పీడులో ఉన్నాడనుకోండి, డౌన్‌హిల్ ట్రైల్‌లో అదేం పెద్ద స్పీడు కాదు, కాస్త అలవాటున్న ఎవరైనా తెలీకుండానే అక్కడికి వచ్చేస్తారు. అంటే సెకనుకి 8 మీటర్ల పైమాటే. ఎదురుగా ఎక్కేవాడు గంటకు 8 కిలోమీటర్లు, అంటే సెకనుకి 2 మీటర్ల పైన. ఇద్దరి మధ్య దూరం సెకనుకి పదిన్నర మీటర్ల చొప్పున తరిగిపోతుంది. చెట్ల మధ్య మలుపులో ముందు 15 మీటర్లు కనిపిస్తే అదే ఎక్కువ. ఇప్పుడు భాగించండి, మనిషి కంటపడిన క్షణం నుంచి గుద్దుకునే దాకా ఉన్నది 1.4 సెకన్లు. కన్ను చూసి, అది బుర్రకెక్కి, వేలు బ్రేకు మీద బిగుసుకునేసరికే అందులో దాదాపు ఒక సెకను పోతుంది. మిగిలిన ఆ కాస్త టైమ్‌లో వదులు మట్టి మీద, ఒక పక్కకి వంగి ఉన్న బైకుని ఆపాలి, అది ఆగదు. పక్కకి తప్పుకుందామంటే సింగిల్ ట్రాక్ కదా, ఒక్క బైకు పట్టేంత సన్నటి దారి, ఒక పక్క చెట్టు, ఇంకో పక్క వాలు. ఈ లెక్కలో ఎవరికెంత చేతనవును అన్న ప్రస్తావనే రాలేదు చూడండి. ప్రపంచ కప్పులో దిగేవాడికైనా ఆ 15 మీటర్లు 15 మీటర్లే.

దీనికి వెంటనే వచ్చే జవాబు నాకు తెలుసు. రూల్ ఉంది కదా, దిగేవాళ్లు ఎక్కేవాళ్లకి దారి ఇవ్వాలి, బైకులు నడిచేవాళ్లకీ గుర్రాలకీ దారి ఇవ్వాలి, 1988లో పుట్టిన ఇంటర్నేషనల్ మౌంటెన్ బైసిక్లింగ్ అసోసియేషన్, అదే ఐఎంబీఏ, ఎప్పటి నుంచో చెబుతూనే ఉంది, అమెరికాలో చాలా ట్రైల్స్ మొదట్లో ఎవరు ఎవరికి దారి ఇవ్వాలో చూపించే పసుపు ముక్కోణం బోర్డు కూడా ఉంటుంది. మంచి రూలే, రెండు వైపులా తిరిగే మామూలు ట్రైల్ మీద అంతకంటే సరైన రూల్ లేదు. కానీ దారి ఇవ్వాలంటే ముందు ఎదుటి మనిషి కనబడాలి. బెర్మ్‌ల మీద బెర్మ్‌లు, అంటే మలుపుల్లో బయటి అంచున వాలుగా లేపిన మట్టి గట్లు, కట్టి, జంపులు పెట్టి, కావాలనే స్పీడు కోసం తవ్విన ట్రైల్ మీద ఆ రూల్‌ని నమ్ముకుని ఊరుకోవడం నాకు బాధ్యత వదిలేసుకోవడంలాగే అనిపిస్తుంది.

అసలు ఈ ఆట పుట్టిందే కిందికి దూకుడుగా దిగడంలోంచి. 1976 అక్టోబర్‌లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో, ఫెయిర్‌ఫాక్స్ దగ్గర, కొంతమంది కుర్రాళ్లు పాత బరువు సైకిళ్లు వేసుకుని ఒక ఫైర్ రోడ్ మీద, అంటే అడవి మంటలు ఆర్పే బండ్ల కోసం వేసిన మట్టి రోడ్డు మీద, రేసు పెట్టుకున్నారు. మూడున్నర కిలోమీటర్లు కూడా లేని దారిలో దాదాపు 400 మీటర్ల దిగుడు. వెనక చక్రం మధ్యలోని హబ్‌లో ఉండే, పెడల్ వెనక్కి తొక్కితే పడే కోస్టర్ బ్రేకు ఎంత కాలిపోయేదంటే లోపలి గ్రీజంతా పొగైపోయేది, కిందికి వెళ్లాక హబ్ విప్పి మళ్లీ గ్రీజు కూరాల్సి వచ్చేది, అందుకే ఆ రేసుకి రీప్యాక్ అని పేరు. అందరినీ ఒకేసారి కాకుండా ఒకళ్ల తర్వాత ఒకళ్లని టైమ్ చూసి వదిలేవాళ్లట, అంటే ఆ రోజుల్లోనే వాళ్లకి దారి మీద ఎవరు ఎక్కడున్నారనేది ముఖ్యమని తెలుసు. తర్వాత అదే మారిన్‌లో ఏం జరిగింది? నడిచేవాళ్లకీ గుర్రాలవాళ్లకీ బైకులవాళ్లకీ దశాబ్దాల పంచాయితీ. అక్కడి మౌంట్ టామల్పయస్ కొండ చుట్టుపక్కల బైకులు చాలా ఏళ్లపాటు ఎక్కువగా ఫైర్ రోడ్లకే పరిమితమైపోయాయి, వాటి మీద గంటకు 15 మైళ్ల స్పీడ్ లిమిట్, అంటే 24 కిలోమీటర్లు, ఎదురు కనిపించని మలుపుల్లో 5 మైళ్లే. ఆట పుట్టిన కొండ మీదే ఆ ఆటకి ఇన్ని కట్టుబాట్లు. బోర్డులు పెడితే స్వేచ్ఛ పోతుందని వాదించేవాళ్లు ఒకసారి ఆ కొండ కథ చదువుకుంటే బాగుంటుంది. ఎవరు ఎటు వెళ్లాలో తొక్కేవాళ్లే ముందుగా సర్దుకోకపోతే, స్థలం ఎవరి చేతిలో ఉందో వాళ్లు వచ్చి గేటు పెట్టి సర్దుతారు. గేటు కంటే బాణం గుర్తు నయమా కాదా?

సర్దుకున్నచోట ఎలా ఉంటుందో కూడా చూద్దాం. అమెరికాలో తాహో సరస్సు చుట్టూ తిరిగే తాహో రిమ్ ట్రైల్‌లో తాహో మెడోస్ వైపు ముక్క మీద బైకులకి సరి తేదీల్లోనే అనుమతి, బేసి తేదీల్లో నడిచేవాళ్లు వెనక్కి వెనక్కి చూసుకోకుండా నడుచుకోవచ్చు. నార్త్ కరోలినాలో సాలీ అనే చోట నాలుగు లూపులు, ఏ రోజు ఏ రెండు బైకులకి, ఏ రెండు గుర్రాలకి అనేది వారం ప్రకారం మారుతుంది. ఐడాహోలోని బాయ్సీలో లోయర్ హల్స్ గల్చ్ అనే ట్రైల్ మీద 2021 నుంచి బేసి తేదీల్లో దిగే బైకులకి మాత్రమే, సరి తేదీల్లో నడిచేవాళ్లకి, అన్న పద్ధతి మొదలుపెట్టారు. ఇవేవీ గొప్ప టెక్నాలజీ కావు. ట్రైల్ మొదట్లో ఒక బోర్డు, దాని మీద రెండు మూడు లైన్లు. కాకపోతే ఇలాంటి ఏర్పాటు నడవాలంటే ఆ బోర్డు ప్రతి ఎంట్రన్స్ దగ్గరా ఉండాలి, మధ్యలో వచ్చి కలిసే చిన్న దారి దగ్గర కూడా ఉండాలి, లేకపోతే తేదీ తెలిసినవాడికీ తెలియనివాడికీ మధ్య గొడవ తప్ప ఏం మిగలదు.

ట్రైల్స్ కట్టేవాళ్లు ఇంకో మాట అంటారు, అది కొంచెం లోతైన మాట. మంచి ట్రైల్‌కి బోర్డు అక్కర్లేదు, ఎటు వెళ్లాలో ట్రైలే చెబుతుంది అని. పైనుంచి వచ్చేవాడి విషయంలో ఇది నూటికి నూరుపాళ్లూ నిజం. బాగా కట్టిన ట్రైల్‌లో మలుపు ముందు నేల కాస్త లేచి స్పీడు తగ్గిస్తుంది, బెర్మ్ ఒళ్లు వంచి ఎటు తిరగాలో చూపిస్తుంది, చూపు దానంతటదే మలుపు చివరికి వెళ్తుంది. పక్కన ఒక పలక పెట్టి "ముందు మలుపు ఉంది" అని రాయడం ఆ కట్టినవాళ్లని అవమానించడమే. కానీ ట్రైల్ ఒక్క వైపుకే మాట్లాడుతుంది. టేబుల్‌టాప్ జంప్‌ని తీసుకోండి, పైనుంచి వస్తే ముందు టేకాఫ్, మధ్యలో చదును, ఆ తర్వాత ల్యాండింగ్ వాలు. ఇప్పుడు కింద నుంచి వచ్చేవాడి కళ్లతో చూడండి. ఆ ల్యాండింగే వాడికి నున్నగా, సాఫీగా, రమ్మని పిలిచే ఎత్తులా కనిపిస్తుంది. ఎక్కి పైన నిలబడి ఊపిరి తీసుకుంటాడు, అవతల ఏముందో చూద్దామని. సరిగ్గా అవతలి నుంచి వచ్చేవాడు గాల్లో ఉండి రెండు చక్రాలూ దింపాల్సిన చోటది. ట్రైల్ వాడికేం అబద్ధం చెప్పలేదు, వాడితో మాట్లాడేలా దాన్ని కట్టలేదు, అంతే. అందుకే వాడికి బోర్డు కావాలి.

ఇక్కడే చాలా చోట్ల జరిగే తప్పు ఒకటుంది, దీని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను ఏమనుకోకండి. వన్ వే ట్రైల్‌కి బోర్డు ఎక్కడ పెడతారు? పైన, మొదట్లో. అందంగా చెక్కిన పలక, ట్రైల్ పేరు, కింద బాణం గుర్తు, వన్ వే అని. ఎవరి కోసం అది? అక్కడి నుంచి మొదలుపెట్టేవాడు ఎలాగూ సరైన వైపే వెళ్తున్నాడు, వాడికి చెప్పినా చెప్పకపోయినా ఒకటే. చెప్పాల్సింది కింద ఎగ్జిట్ దగ్గర నిలబడి, ఈ చక్కటి దారి పైకి వెళ్తున్నట్టుందే అనుకుంటున్న మనిషికి. అక్కడికి వెళ్లి చూస్తే ఏముంటుంది, దిగొచ్చేవాళ్లకి రోడ్డు వస్తోంది ఆగండి అని చెప్పే స్తంభం ఉంటుంది, దాని వీపు మనవైపు ఉంటుంది. ఖాళీ చెక్క, రెండు మేకు మొనలు. కింద నుంచి వచ్చేవాడికి మనం చూపించేది అది. పైన బోర్డుకి పెట్టే ఖర్చులో సగం పెట్టి కింద ఒక ఎర్ర నో ఎంట్రీ గుండ్రం కొడితే, దాని పక్కనే "ఎక్కే దారి అటు" అని ఇంకో బాణం పెడితే, సగం సమస్య అక్కడికక్కడే తీరిపోతుంది. ఆ రెండో బాణం ముఖ్యం. వెళ్లొద్దు అని మాత్రమే చెప్పి ఎటు వెళ్లాలో చెప్పకపోతే జనం వినరు, పైకి వెళ్లాలని వచ్చినవాళ్లు ఎలాగోలా పైకి వెళ్తారు.

ఇంకోటి, ట్రైల్ పని రోజున పారా పట్టుకుని వెళ్లినవాళ్లకి ఇది తెలిసే ఉంటుంది. బాణం ఆకారంలో కోసిన పలకని స్తంభానికి ఒకే మేకుతో కొడతారు. రెండు వానలు పడితే చెక్క ఉబ్బి ఎండుతుంది, మేకు చుట్టూ రంధ్రం వదులవుతుంది, ఎవడో బైకు ఆనించి ఫొటో తీసుకుంటాడు, బాణం కాస్త కిందికి వాలుతుంది. కిందికి వాలిన బాణం, రెండు దారులు చీలే చోట, ఏ దారిని చూపిస్తున్నట్టు? నేను అలాంటి ఒక చీలిక దగ్గర పలక సరిచేస్తూ కూర్చున్న కాసేపట్లోనే ఇద్దరు వేర్వేరు రైడర్లు వచ్చి వేర్వేరు వైపులకి వెళ్లడం చూశాను, ఇద్దరూ ఆ బాణాన్ని చూసే వెళ్లారు, ఇద్దరూ ఏ అనుమానం లేకుండా వెళ్లారు. బోర్డు లేకపోతే మనిషి ఆగి ఆలోచిస్తాడు, తప్పు బోర్డు ఉంటే ఆలోచించడు కూడా. అందుకే రెండు బోల్టులు, అవతల వైపు నట్లు, పలక తిరగకుండా స్తంభంలో చిన్న గాడి. ఏడాదికోసారి ఎవరో ఒకరు వెళ్లి పొదలు కొట్టి, వెలిసిపోయిన రంగు మళ్లీ వేసి రావాలి. ఆ మనిషి ఎవరో ముందే తేలకపోతే ఆ బోర్డు పెట్టకపోవడమే మంచిది. పెట్టే రోజు ఫొటోలకి పాతికమంది వస్తారు, పొదలు కొట్టే రోజు ఎవరూ రారు, ఇది అన్ని చోట్లా ఉన్న కథే.

చీలిక దాటాక ఓ ఇరవై ముప్పై అడుగుల్లో ఇంకో చిన్న గుర్తు, చెట్టుకి కట్టిన రంగు ముక్కో స్తంభం మీద చుక్కో, సరైన దారిలోనే ఉన్నావు అని ధైర్యం చెప్పేది, అది కూడా నాకు చాలా ఇష్టం. దాన్ని ఎవరూ పొగడరు, కానీ అది ఉంటే రైడర్ వెనక్కి తిరిగి చూడడు, అనుమానంతో మధ్యలో ఆగిపోడు, వెనక వచ్చేవాడు వచ్చి గుద్దుకోడు.

ఇక ఫోన్ వాదన. అందరి చేతిలో ట్రైల్‌ఫోర్క్స్ అనే ట్రైల్ మ్యాపుల యాప్ ఉంది, అందులో ట్రైల్ దిశ కూడా చూపిస్తుంది, ఇంకా చెక్క పలకలెందుకు అని. ఇంట్లో కూర్చుని రూటు వేసుకోవడానికి ఆ యాప్‌కి నేను దణ్ణం పెడతాను. కానీ కొండ మీద, గ్లవ్స్ వేసుకుని, చెమట పట్టిన స్క్రీన్ మీద, ఎండలో ఏమీ కనిపించక, చెట్ల కింద నీలం చుక్క అటూ ఇటూ గెంతుతుంటే, ఒకదానికొకటి ఆనుకుని వెళ్లే ఎక్కే దారికీ దిగే దారికీ తేడా అది చెప్పలేదు. పక్కపక్కన పది మీటర్ల దూరంలో రెండు ట్రైల్స్ ఉన్నప్పుడు మీరు ఏ దాంట్లో ఉన్నారో దానికే తెలీదు. పైగా బ్యాటరీ. పైగా యాప్ లేనివాళ్లు, నడవడానికి వచ్చినవాళ్లు, పిల్లల్ని తీసుకొచ్చినవాళ్లు. వాళ్లెవరూ మన యాప్‌లో లేరు, ట్రైల్ మీద మాత్రం ఉన్నారు. ఇద్దరు ఎదురెదురుగా వస్తున్నప్పుడు ఒకడికి మాత్రమే దిశ తెలిసి ఉండటం వల్ల ఉపయోగం ఏమీ లేదు, ఆ మాటకొస్తే దిశ తెలిసినవాడే ఎదురు ఎవరూ రారన్న నమ్మకంతో ఇంకా గట్టిగా వస్తాడు.

అడవిలో మనిషి గుర్తులు ఉండకూడదు, దారి వెతుక్కోవడంలోనే మజా ఉంది అనే వాదన నాకు అర్థమవుతుంది. కానీ దాన్ని ఎక్కడ వాడుతున్నారో చూడాలి. యూటాలోని మోయబ్‌లో స్లిక్‌రాక్ ట్రైల్ ఉంది, 1969లో మోటార్ సైకిళ్ల కోసం మొదలైంది, ఇప్పుడు ప్రపంచంలో మౌంటెన్ బైకర్లు ఒక్కసారైనా వెళ్లాలనుకునే చోట్లలో ఒకటి. అక్కడ మట్టి దారే లేదు, అంతా ఇసుకరాతి గుండ్లు, ఎటు చూసినా తొక్కుకుంటూ వెళ్లిపోవచ్చు అనిపిస్తుంది. ఆ రాతి మీద తెల్ల పెయింట్‌తో గీతలు వేశారు, గీత తర్వాత గీత, వాటిని పట్టుకుని వెళ్లాలి. ఆ గీతలు చూసి ఛీ ఇదేం అడవి అన్నవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. గీతలు వేసినంత మాత్రాన ఆ ఎత్తులు తగ్గలేదు, ఎక్కేటప్పుడు వచ్చే ఆయాసమూ తగ్గలేదు. పైగా గీతలు లేకపోతే జనం రాళ్ల మధ్య గుంటల్లో ఉన్న ఎడారి మట్టి మీద, దాని మీద బతికే సన్నటి పొర మీద ఎక్కడపడితే అక్కడ తొక్కేవాళ్లు, అది ఒకసారి నలిగితే ఏళ్ల తరబడి కోలుకోదు. అడవిని కాపాడాలనేవాళ్లకి కూడా ఆ పెయింటు గీతే పనికొచ్చింది.

అలాగని బోర్డులంటే పడి చచ్చేవాణ్ణేం కాదు. కొన్ని ట్రైల్ సెంటర్లలో, అంటే బైకుల కోసమే ట్రైల్స్ కట్టి నడిపే చోట్ల, ప్రతి రాయి ముందు ఆశ్చర్యార్థకం, ప్రతి మలుపు ముందు స్లో, ప్రతి వంతెన ముందు స్పాన్సర్ లోగో, మధ్యలో నవ్వుతూ బొటనవేలు చూపించే కార్టూన్ ఉడత ఒకటి. చదవడం మొదలుపెడితే తొక్కడం కుదరదు, తొక్కడం మొదలుపెడితే చదవడం కుదరదు, చివరికి ఎవరూ ఏదీ చదవరు, నిజంగా చదవాల్సిన ఒక్కటి కూడా వాటిలో కలిసిపోతుంది. తప్పించుకునే పక్కదారి లేని గ్యాప్ జంప్, అంటే మధ్యలో ఖాళీని గాల్లో దాటాల్సిన జంప్, ఉంటే దాని ముందు ఒక బోర్డు పెట్టండి, దూకకపోతే పడిపోతారు కాబట్టి, మిగతావాటికి వద్దు. రాళ్లు ఉన్నాయని రాళ్లే చెబుతాయి.

గ్రేడు రంగుల సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. ఉత్తర అమెరికాలో స్కీయింగ్ నుంచి వచ్చిన పద్ధతి, ఆకుపచ్చ గుండ్రం తేలిక, నీలం చతురస్రం మధ్యస్థం, నల్ల డైమండ్ కష్టం, రెండు నల్ల డైమండ్లు అయితే మరీ కష్టం. బ్రిటన్‌లో ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు. అటు నుంచి ఇటు వచ్చినవాళ్లకి మధ్యలో ఎరుపు ఎక్కడ ఇరుక్కుంటుందో తెలీక తికమక, పైగా ఒక సెంటర్‌లో నీలం ఇంకో సెంటర్‌లో ఎరుపంత ఉంటుంది. ఇది ఎప్పటికీ పూర్తిగా తీరే గొడవ కాదు, నేనూ దీని మీద గట్టిగా పట్టుబట్టను. కానీ వేల్స్‌లో కోయిడ్ వై బ్రెనిన్, దక్షిణ స్కాట్లాండ్‌లోని సెవెన్ స్టేన్స్ ఏడు సెంటర్లు, ఇలాంటివాటికి ముక్కూ మొహం తెలియని ఊళ్ల నుంచి కూడా జనం వెళ్లి, ఎవరినీ అడగకుండా రంగు బాణాలు పట్టుకుని లూప్ తిరిగి కారు దగ్గరికి వచ్చేయగలుగుతున్నారంటే, ఆ గుర్తులదే ఆ పుణ్యం.

లోకల్ తెలిసినవాళ్లకే ట్రైల్ దక్కాలి అనే మాట మాత్రం నాకు ఒళ్లు మండిస్తుంది. బోర్డులు పెడితే అందరూ వచ్చేస్తారు, పాడుచేస్తారు అంటారు. రహస్యంగా, స్థలం యజమానికి తెలియకుండా తవ్విన ట్రైల్ అయితే వేరే విషయం, అక్కడ బోర్డు పెట్టమని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. కానీ అందరి భూమి మీద, అందరి డబ్బుతో, వాలంటీర్లు తవ్విన ట్రైల్‌ని గుర్తులు లేకుండా ఉంచి, తెలిసినవాళ్లం మేమే తొక్కుతాం అంటే ఎలా? జనం ఎక్కడెక్కడ తొక్కుతున్నారో చూపించే స్ట్రావా యాప్ హీట్‌మ్యాప్ మీద ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది ఆ ట్రైల్, జనం ఎలాగూ వస్తారు. వాళ్లు సరైన వైపు నుంచి రావాలా, ఎటు నుంచి పడితే అటు నుంచి రావాలా అన్నదొక్కటే మన చేతిలో ఉంది.

వన్ వే వల్ల పోయేది కూడా ఉంది, అది ఒప్పుకోకపోతే అన్యాయం. ఒకే ట్రైల్‌ని తిరగేసి తొక్కితే అది ఇంకో ట్రైల్. పైనుంచి వస్తే తెలియకుండా దాటిపోయే వేర్ల మెట్టు, కింద నుంచి ఎక్కితే రోజంతా గుర్తుండే పరీక్ష అవుతుంది. పాతకాలపు క్రాస్ కంట్రీ దారులు, ఎత్తుపల్లాలు కలిసినవి, ముందు దూరం కనిపించేవి, వాటిని వన్ వే చేయడం నాకు ఇష్టం లేదు, వాటి మీద ఆ పసుపు ముక్కోణం రూలే చాలు. లూప్ అయితే వారంలో కొన్ని రోజులు అటు, కొన్ని రోజులు ఇటు అని మార్చుకోవచ్చు, కాకపోతే ఆ మాట ప్రతి ఎంట్రన్స్ దగ్గరా పెద్ద అక్షరాలతో ఉండాలి. ఇంకో చిక్కు ఏంటంటే వన్ వే అనగానే జనం స్పీడు పెంచుతారు. ఎదురు ఎవరూ రారు కదా అని. కానీ ముందు వెళ్లినవాడు మలుపు అవతల పడిపోయి చైన్ సరిచేసుకుంటూ ఉండొచ్చు. బాణం గుర్తు ఎదురొచ్చే బైకుని ఆపుతుంది, ముందు ఆగిపోయిన బైకుని మాయం చేయదు. అందుకని వన్ వే చేసేటప్పుడే మలుపుల దగ్గర కొమ్మలు కొట్టి చూపు పెంచాలి, రెండూ కలిపి చేయాల్సిన పని. నడిచేవాళ్లకి కూడా అనుమతి ఉన్న చోట్ల వాళ్లని బైకులకి ఎదురు దిశలో నడవమనే పద్ధతి కొన్నిచోట్ల ఉంది, వెనక నుంచి వచ్చి ఉలిక్కిపడేలా చేసేదాని కంటే మొహం మొహం చూసుకోవడం నయమని. దిగుడు తక్కువున్న లూపుల మీద అది బాగానే పనిచేస్తుంది, నిటారు ట్రైల్ మీద అసలు నడకే వద్దు.

పేర్లూ బాణాలూ కాకుండా నాకు బాగా నచ్చిన పద్ధతి ఇంకోటుంది. బెల్జియంలోని లింబర్గ్‌లో 1995లో సైకిల్ దారుల మీద ప్రతి జంక్షన్‌కీ ఒక నంబర్ ఇచ్చారు. రూటు అంటే నంబర్ల వరస అంతే, 27 తర్వాత 31, ఆ తర్వాత 8, చేతి మీద రాసుకుని వెళ్లిపోవచ్చు, ఎవరికి కావలసినట్టు వాళ్లు కలుపుకోవచ్చు. అది తర్వాత నెదర్లాండ్స్ అంతా పాకింది. కొండ ట్రైల్స్ మీద దీని లాభం దారి కనుక్కోవడం కంటే ఎక్కువ. పడిపోయి కాలు విరిగినవాడి పక్కన కూర్చుని అంబులెన్స్‌కి ఫోన్ చేసినప్పుడు "పెద్ద రాయి దాటాక వచ్చే రెండో వంతెన దగ్గర" అని చెప్పి చూడండి, అవతలి మనిషికి ఏం అర్థమవుతుంది. "31 నుంచి 8కి వెళ్లే దారిలో, 31కి దగ్గరగా" అంటే వాళ్లు మ్యాప్ మీద వేలు పెట్టగలరు. దారి వెతుక్కోవడంలో మజా పోతుందనే ఫ్రెండ్‌తో నేను ఇదే అన్నాను ఓసారి. "నంబర్ అయితే సరే, అది మరీ దారి చెప్పినట్టు ఉండదు" అన్నాడు. అక్కడే మాకు రాజీ కుదిరింది.

స్థలం యజమానులకి ఇంకో భయం ఉంటుంది, బోర్డు పెట్టామంటే ఆ ట్రైల్‌ని మేం ఒప్పుకున్నట్టు, రేపు ఎవరైనా పడితే మా మీదకి వస్తుందేమో అని. చట్టం దేశానికో రకంగా ఉంటుంది కాబట్టి అందరికీ సరిపోయే జవాబు నా దగ్గర లేదు. స్కాట్లాండ్‌లో 2003 భూ సంస్కరణ చట్టం ప్రకారం బాధ్యతగా ఉన్నంతకాలం నడిచేవాళ్లకీ సైకిళ్లవాళ్లకీ దాదాపు ఎక్కడైనా వెళ్లే హక్కు ఉంది, అలాంటి చోట బాణం గుర్తు జనం మర్యాద మీదే ఆధారపడుతుంది. అయినా అక్కడే అంత పద్ధతిగా బాణాలు పెట్టిన సెంటర్లు నడుస్తున్నాయి, జనం కూడా చాలా మటుకు వింటున్నారు.

డబ్బూ మనుషులూ తక్కువ ఉన్న ట్రైల్ గ్రూపు ఎవరైనా నన్ను ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగితే, ముందు ప్రతి డౌన్‌హిల్ ట్రైల్ కింది చివర నో ఎంట్రీ, దాని పక్కన ఎక్కే దారి బాణం. తర్వాత ఆ ట్రైల్‌లోకి మధ్యలో వచ్చి కలిసే ప్రతి దారి దగ్గర అదే. ఆ తర్వాత జంక్షన్లకి నంబర్లు. తప్పించుకోలేని గ్యాప్ ఉంటే దాని ముందు ఒకటి. పైన ట్రైల్ పేరు చెక్కిన అందమైన పలక ఉందే, అది డబ్బు మిగిలితే చూద్దాం.